కంపైలర్‌లో ఆదేశాల పేర్లు – 3: ఒకే కూడిక, రెండు రాతలు

పోయిన పాఠంలో, ప్రోగ్రామును ప్రాసెసరు ఆదేశాలుగా మార్చే ఎల్‌ఎల్‌వీఎమ్ కంపైలర్‌లోని ‘యాడ్32ఆర్‌ఆర్’ అనే పేరును విడదీశాం. యాడ్ అంటే కూడిక, 32 బిట్ల వెడల్పు, చివరి అక్షరాలు ఆపరాండ్ల (ఆదేశం పనిచేసే విలువల) రకాలు: ఆర్ అంటే రిజిస్టరు (ప్రాసెసరులోని చిన్న నిల్వచోటు), ఎమ్ అంటే మెమొరీ, ఐ అంటే ఆదేశంలోనే ఇమిడిన సంఖ్య. ఫలితం చేరే చోటు ముందు వస్తుంది. ఆర్‌ఎమ్ అంటే మెమొరీలోని విలువను రిజిస్టరుకు కలపడం, ఎమ్‌ఆర్ అంటే రిజిస్టరులోని విలువను మెమొరీకి కలపడం. ఈ రెండింటినీ తారుమారు చేసి నేనొక సాయంత్రమంతా తల పట్టుకుని కూర్చున్నాను.

ఈ రోజు అసలు చిక్కు. ఈఏఎక్స్, ఈబీఎక్స్ అనేవి ఎక్స్86 ప్రాసెసరులోని రెండు రిజిస్టర్లు. ఈఏఎక్స్‌కు ఈబీఎక్స్‌ను కలపాలి. బైట్లలో, పదహారు ఆధారిత (హెక్సాడెసిమల్) సంఖ్యలుగా, 01 డీ8 అని రాయవచ్చు, 03 సీ3 అనీ రాయవచ్చు. జరిగే పని ఒక్కటే.

డీ8ను బిట్లుగా పరచండి: 11 011 000. మొదటి 11 ‘రెండూ రిజిస్టర్లే’ అని చెబుతుంది. నడిమి గదిలో 011, అంటే ఈబీఎక్స్. చివరి గదిలో 000, అంటే ఈఏఎక్స్. 01 అనే ఆప్‌కోడ్ (ఏ పని చేయాలో చెప్పే మొదటి బైటు) ఫలితాన్ని చివరి గదికి పంపుతుంది, 03 నడిమి గదికి పంపుతుంది. సీ3 అంటే 11 000 011. గదులు అటూ ఇటూ అయ్యాయి, ఆప్‌కోడ్ దిశా మారింది. ఫలితం మళ్లీ ఈఏఎక్స్‌లోకే చేరింది. మెమొరీ చిరునామా చివరి గదిలో మాత్రమే ఇముడుతుంది కాబట్టి రెండు దిశలూ కావలసి వచ్చాయి. రెండూ రిజిస్టర్లే అయితే ఒక రాత మిగులు.

మా కందుకూరును 2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మార్చారు. మేము కొత్త జిల్లా పేరు రాయడం మొదలుపెట్టాం. పాత పేరుతో వచ్చిన ఉత్తరాన్ని మాత్రం పోస్ట్‌మ్యాన్ వెనక్కి పంపలేదు, ఇంటికే తెచ్చి ఇచ్చాడు. కంపైలర్‌దీ అదే పద్ధతి. తాను రాసేటప్పుడు 01నే వాడుతుంది, దాని పేరు యాడ్32ఆర్‌ఆర్. ఎవరో రాసిన 03 సీ3 ఎదురైతే, బైట్లను తిరిగి ఆదేశాలుగా చదివే డిస్‌అసెంబ్లర్ దాన్ని గుర్తుపట్టాలి కదా! అందుకే దానికీ ఒక పేరు పెట్టారు: యాడ్32ఆర్‌ఆర్_రెవ్. రెవ్ అంటే తిరగేసినది. చూడటానికి అతుకు వేసినట్టున్నా, ఇంతకంటే నిజాయితీ గల పేరు నాకు తోచలేదు.

ఆర్‌ఐ, ఆర్‌ఐ8 తేడా తేలిక. ఈఏఎక్స్‌కు 5 కలపడానికి 83 సీ0 05 చాలు, మూడే బైట్లు. అది ఆర్‌ఐ8. సంఖ్య −128 నుంచి 127 లోపు ఉంటేనే ఈ పొదుపు. ఆర్‌ఐ రూపంలో అదే 5కు 81 సీ0 05 00 00 00 అని ఆరు బైట్లు పడతాయి.

అభ్యాసం: 01 18, 03 18 అనే రెండు జతలను 64 బిట్ల పద్ధతిలో చదివి పేర్లు రాయండి. 18 అంటే 00 011 000. మొదటి 00 వల్ల చివరి గది మెమొరీ చిరునామా అవుతుంది. ఇక్కడ రెవ్ అవసరం పడుతుందా? కాగితం మీద గదులు గీసుకున్నాకే జవాబు రాయండి. వచ్చే పాఠం దాని దగ్గరే మొదలవుతుంది.