విదేశం పోయినప్పుడు అక్కడి చిరుతిండ్లు రుచి చూడడం ఎలా?

నల్లగొండ నుంచి గానీ పాలమూరు నుంచి గానీ థాయ్‌లాండ్, మలేషియా టూర్‌కు బయలుదేరే ఏ బ్యాచ్‌లో చూసినా ఒక బ్యాగు నిండా సకినాలు, చెక్క గారెలు, పల్లీల పొడి ఉంటాయి. రెండు పూటలా ప్యాకేజీవాళ్లు ఇండియన్ బఫేలో పప్పు, పన్నీరు పెడతారు. దేశమంతా తిరిగొచ్చినా దాని రుచి మాత్రం నాలుకకు తగలదు. ఇంటి తిండి పట్టుకుపోవద్దని కాదు, వెంట పెద్దవాళ్లుంటే అది ఉండాల్సిందే. రోజుకు ఒక్కటైనా అక్కడి చిరుతిండి తినాలనుకునేవాళ్ల కోసం ఇది.

ముందు మనకు తెలిసిన సరుకుతో చేసినవాటి దగ్గరికి పోండి. బియ్యప్పిండి, కొబ్బరి, పల్లీలు, నువ్వులు ఆ దేశాల్లోనూ ఉన్నాయి. థాయ్‌లాండ్ సంతల్లో ఖనోమ్ క్రోక్ అమ్ముతారు. మన పొంగనాల పెనం లాంటి గుంతల పెనంలో, కొబ్బరిపాలతో కలిపిన బియ్యప్పిండి పోస్తారు. దాని మీద ఇంకాస్త చిక్కటి, తియ్యటి కొబ్బరిపాలు పోసి మూత పెడతారు. కొన్నిటి మీద మక్క గింజలు వేస్తారు, కొన్నిటి మీద ఉల్లికాడలు. తీపి మీద ఉల్లికాడలేంటి అనుకోకండి, బాగుంటుంది. అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా జారుతుంటుంది. పెనం మీది నుంచి తీయగానే నోట్లో వేసుకుంటే మాత్రం నాలుక కాలుతుంది.

మలేషియాలో అయితే అపమ్ బాలిక్ తినండి. అట్టు మీద దంచిన పల్లీలు, చక్కెర, మక్కలు చల్లి మడిచి ఇస్తారు. పల్లీ పండించే వనపర్తి వాళ్లకైతే చెప్పక్కర్లేదు. దుబాయ్‌లో చుట్టాలుంటే లుకైమాత్ తినిపించమని అడగండి. నూనెలో వేయించిన పిండి ఉండల మీద ఖర్జూర పాకం పోసి నువ్వులు చల్లుతారు. పక్కన కరక్ చాయ్, అంటే పాలు పోసి చిక్కగా కాచిన టీ ఉండాలి.

రెండో పని, అందులో ఏం పడిందో కనుక్కోవడం. శాకాహారులకు అసలు టెన్షన్ ఇక్కడే. కూరగాయలే కనిపిస్తున్నా థాయ్ వంటల్లో చేపల సాస్ పడుతుంది, మలేషియా కారాల్లో రొయ్యల ముద్ద కలుస్తుంది. 'మాంసం లేదు కదా' అని అడిగితే లేదనే అంటారు. చేప సంగతి విడిగా అడగాలి. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్రగా 17 అంకెలా కనిపించే గుర్తు ఉన్న బండి వెతకండి. అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ వాడరు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మలేషియా బోర్డుల మీద అయామ్ అంటే కోడి, ఇకాన్ అంటే చేప, ఉదాంగ్ అంటే రొయ్య, బాబీ అంటే పంది. దాగింగ్ అని ఉంటే చాలావరకు గొడ్డు మాంసమే. పల్లీలు పడనివాళ్లు ఆ మాట అక్కడి భాషలో ఫోన్‌లో రాసిపెట్టుకుని చూపించాలి.

బండి ఎంచుకోవడం పెద్ద విద్యేం కాదు. స్థానికులు లైన్ కట్టిన చోట, కళ్ల ముందే వేడిగా చేసిచ్చే చోట తినండి. కోసి పెట్టిన పండ్లు, ఎక్కడిదో తెలియని ఐసు వద్దు. నలుగురికి ఒక ప్లేటు చాలు, నచ్చితే ఇంకోటి చెప్పొచ్చు. దిగిన రోజే అన్నీ తినేయకండి.

సింగపూర్‌లో హాకర్ సెంటర్లకు, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే చోట ఉండే కేంద్రాలకు పోండి. ఈ తిండి సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఎవరో సీటు ఆపుకున్నారని అర్థం, పక్కకు జరపకండి. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి, లేదంటే ఫైన్ పడొచ్చు. జపాన్‌లో నడుస్తూ తినడాన్ని మర్యాదగా చూడరు. బండి దగ్గరే నిలబడి తిని, చెత్త వాళ్లకే ఇచ్చేయండి, ఎందుకంటే వీధుల్లో చెత్తబుట్టలు దొరకవు.

కడుపు చెడితే లీటరు ప్యాకెట్ ఓఆర్‌ఎస్‌ను సరిగ్గా లీటరు నీళ్లలోనే కలిపి కొద్దికొద్దిగా తాగాలి. జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం కనిపించినా డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే.

ఇక బ్యాగు సంగతి. ఇక్కడి నుంచి దుబాయ్‌కి గానీ సింగపూర్‌కి గానీ గసగసాలు తీసుకుపోవద్దు, అక్కడ నిషేధం. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు సకినాలైనా సరే, తిండి ఉందని ప్రయాణికుల డిక్లరేషన్ కార్డులో రాయాలి. వచ్చేటప్పుడు ఇంటికి కొనేవి సీల్ వేసినవే కొనండి. థాయ్ ప్యాకెట్ల మీద తేదీలో 2570 అని కనిపిస్తే కంగారు పడకండి. కొన్నిటి మీద బౌద్ధ సంవత్సరం వేస్తారు. అందులోంచి 543 తీసేస్తే 2027 వస్తుంది.