ముహూర్తం ముంచుకొస్తోందని ఏ బ్లేడు పడితే ఆ బ్లేడు బిగించకండి

ఆషాఢం వచ్చిందంటే ఇంటీరియర్ పనులు చేసే కార్పెంటర్లకు ఊపిరి సలపదు. శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేసి ఉంటారు. ఆలోపు వార్డ్‌రోబ్‌లు, కిచెన్ షట్టర్లు, పూజగది తలుపులు అన్నీ పూర్తి కావాలి. ఒకే రోజు టేకు, ప్లైవుడ్, మైకా అంటించిన షీటు, పీవీసీ బోర్డు, అల్యూమినియం ఛానల్ కోయాల్సి వస్తుంది. పొద్దున బిగించిన బ్లేడు సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. వేళ్ల మీదికి తెచ్చేది ఈ తొందరే.

అన్నిటికన్నా ముందు ఒక మాట. నాలుగంగుళాల యాంగిల్ గ్రైండర్‌కు పళ్లున్న చెక్క బ్లేడు బిగించకండి. సైట్లలో ఇది చాలా మామూలైపోయింది. బ్లేడు బోరు, అంటే మధ్య రంధ్రం, 20 మిల్లీమీటర్లు, గ్రైండర్‌కు కావలసింది 16. మధ్యలో ఒక బుష్ (రంధ్రాన్ని చిన్నది చేసే రింగు) వేస్తే సరిపోతుంది కాబట్టి పని జరిగిపోతుందనుకుంటారు. కానీ గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లకు పైగా, అంటే సెకనుకు 180కి పైగా తిరుగుతుంది. అది అరగదీసే చక్రం కోసం తయారైన మిషన్. అరగదీసే చక్రం రాసుకుంటూ పోతుంది, పళ్ల బ్లేడు మాత్రం చెక్కను కొరుకుతుంది. ఒక పన్ను ముడిలో గానీ మేకులో గానీ ఇరుక్కుంటే మిషన్ మొత్తం ఎగిరి చేతి మీదికో, తొడ మీదికో, మెడ మీదికో వస్తుంది. లోతు పట్టి ఉంచే బేస్ ప్లేటు ఉండదు, కోత అవగానే పళ్లను మూసేసే గార్డు ఉండదు. మార్బుల్ కట్టర్‌కు బేస్ ప్లేటైతే ఉంటుంది గానీ, అది కూడా రాయిని, టైల్సును కోసే డైమండ్ చక్రానికి తయారైనదే. చెక్కకు చెక్క మిషనే వాడాలి. దాని కింది గార్డును తీగతో కట్టేయడం, చెక్కముక్క దోపి ఆపడం చేస్తే దానికీ గ్రైండర్‌కూ తేడా ఉండదు.

బ్లేడు మీద రాసి ఉండే అక్షరాల్లో చుట్ల పరిమితి ముఖ్యమైనది. అది మిషన్ వేగం కన్నా ఎక్కువ ఉండాలి. ఏడంగుళాల సర్క్యులర్ సా, అంటే చేత్తో పట్టుకుని కోసే చక్రపు రంపం, నిమిషానికి సుమారు 5,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగానికి తగిన బ్లేడును అంతకు రెట్టింపు వేగంతో తిరిగే మిషన్‌కు వేస్తే పళ్ల కొసన అతికించిన కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) ముక్కలు ఊడి ఎగరొచ్చు. బోరు సరిపోలేదని డ్రిల్లుతో పెద్దది చేయకండి, టేపు చుట్టి బిగించకండి. బ్లేడు మధ్యకు కూర్చోకపోతే ఊగుతూ తిరుగుతుంది.

ఇక పళ్ల సంగతి. ‘పళ్లు ఎక్కువుంటే మంచి బ్లేడు’ అన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది సగం మాత్రమే నిజం. చెక్కను నార వెంట నిలువుగా చీల్చేటప్పుడు పొడవాటి పొట్టు వస్తుంది. అది బయటపడాలంటే పళ్ల మధ్య సందు పెద్దగా ఉండాలి. అందుకే పదంగుళాల టేబుల్ సాలో (బల్లకు బిగించిన రంపంలో) నిలువు కోతకు 24 పళ్ల బ్లేడు వాడతారు. 80 పళ్ల బ్లేడుతో టేకు పలకను నిలువుగా చీల్చబోతే పొట్టు సందుల్లో కూరుకుపోతుంది, బ్లేడు వేడెక్కుతుంది, అంచు నల్లబడుతుంది. ముందుకు కదలట్లేదని మనిషి ఇంకా గట్టిగా తోస్తాడు. ఎదురుతన్ను వచ్చేది ఆ క్షణంలోనే. చేతి మిషన్ అయితే వెనక్కి దూకుతుంది, టేబుల్ సా అయితే పలకను మనిషి మీదికి విసురుతుంది. కాబట్టి బ్లేడుకు ఎదురుగా కాకుండా ఒక పక్కకు నిలబడాలి.

అడ్డకోతకు, ప్లైవుడ్‌కు 60, మైకా లేదా ప్రీలామ్ (ముందే పైపొర అంటించి వచ్చే) షీట్లకు 80 పళ్లు పదంగుళాల బ్లేడులో సరిపోతాయి. ఏడంగుళాల దాంట్లో ఇవే అడ్డకోతకు, ప్లైవుడ్‌కు 40, మైకాకు 60, నిలువు కోతకు 24 అనుకోండి. ప్లైవుడ్‌కు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు ఏటవాలుగా ఉండే పళ్లు పైపొరను శుభ్రంగా తెంపుతాయి. ఎండీఎఫ్‌కు (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన బోర్డుకు), మైకాకు మాత్రం ఒకటి బల్లపరుపుగా, పక్కది మూలలు చెక్కి ఉండే పళ్ల బ్లేడే మన్నుతుంది. ఈ బోర్డుల్లో ఉండే జిగురు పదునును త్వరగా తినేస్తుంది. పెచ్చులు లేవకుండా ఉండాలంటే చేతి మిషన్‌కు మంచి ముఖం కిందికి పెట్టాలి, టేబుల్ సాకు పైకి పెట్టాలి. పళ్లు చెక్కలోకి దిగే వైపు కోత నున్నగా ఉంటుంది, బయటికి వచ్చే వైపే చిట్లుతుంది.

వానాకాలంలో అసలు చెక్క మీద ఇంకొంచెం జాగ్రత్త కావాలి. చెమ్మ ఆరని వేప, మద్ది దుంగలు కోస్తుంటే చీలిక వెనక నుంచి మూసుకుని బ్లేడును పట్టేస్తాయి. టేబుల్ సాలో బ్లేడు వెనక ఉండే చీలిక పలకను తీసేయకండి. దాని మందం బ్లేడు రేకు కన్నా ఎక్కువ, కోత వెడల్పు కన్నా తక్కువ ఉండాలి. సన్న కోత బ్లేడు కొన్నప్పుడు ఈ లెక్క తప్పుతుంది. చీలిక పలక కోత కన్నా మందమైతే చెక్క మధ్యలోనే ఆగిపోతుంది. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది కనుక బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది. పాత ఇళ్ల నుంచి తీసిన టేకు దూలాలైతే ముందు అయస్కాంతం ఆనించి మేకులు వెతకండి. ఒక్క మేకు చాలు కార్బైడ్ కొస ఎగరడానికి.

పీవీసీ, డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) బోర్డుల దగ్గర చేయి ఆగకూడదు. ఒకచోట నిలిపితే కరిగి బ్లేడుకు అంటుకుంటుంది. అల్యూమినియానికి పళ్లు వెనక్కి వాలి ఉండే బ్లేడు వేరుగా దొరుకుతుంది. ముందుకు వాలిన చెక్క బ్లేడు దాన్ని కొరికి లాగేస్తుంది. సిమెంటు ఫైబర్ బోర్డుకు చెక్క బ్లేడు వద్దే వద్దు.

చెక్క పొట్టును క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే వర్గీకరించింది. తువ్వాలు మూతికి కట్టుకుంటే ఎండీఎఫ్ సన్న పొడి ఆగదు. ఎన్95 మాస్కు పెట్టుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి. ఆ తువ్వాలును మెడలో వేలాడేయకండి, వదులు గ్లౌజులూ వద్దు.

బ్లేడు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకండి. రేకులో పగులు, ఊడిన పన్ను కనిపిస్తే ఆ బ్లేడు పక్కన పడేయాల్సిందే. బాణం గుర్తు మిషన్ తిరిగే దిక్కుకే ఉందో లేదో చూడండి. పళ్లు చెక్క కిందికి ఐదారు మిల్లీమీటర్లు మాత్రమే దిగేలా లోతు పెట్టండి. కొత్త బ్లేడును అర నిమిషం ఖాళీగా తిప్పి, పక్కన నిలబడి గమనించండి.

ఇల్లు కట్టించుకునేవాళ్లకు కూడా ఒక విన్నపం. రోజు కూలీకి వచ్చే కార్పెంటర్ తన జేబులోంచి మూడు రకాల బ్లేడ్లు కొనలేడు. లక్షలు పెట్టి ప్లైవుడ్ తెప్పించేటప్పుడు, కొటేషన్‌లో బ్లేడ్లకు, వాటి పదునుకు విడిగా ఒక పద్దు రాయించండి, ఆ డబ్బు పని మొదలయ్యే రోజే ఇవ్వండి.