విమాన రాడార్ సర్వేకు ముందు చూసుకోవలసిన జాగ్రత్తలు

ఎగురుతూ పంపిన రేడియో తరంగాల ప్రతిధ్వనులను కలిపి నేల చిత్రం తీసే సింథటిక్ అపెర్చర్ రాడార్‌తో పరిశోధన విమానం ఎగిరే రోజు దగ్గర పడితే, కింది అంశాలను తప్పక సరిచూసుకోవాలి.

జీపీఎస్, ఇనర్షియల్ సెన్సర్ల (విమానం కదలికను, వంపును కొలిచేవి) ముడి డేటా పూర్తిగా నమోదవుతున్నదా, వాటి గడియారం రాడార్ గడియారంతో కలుస్తున్నదా అన్నది అన్నిటికన్నా ముందు చూడండి. విమానం గాలికి ఊగుతున్నప్పుడు యాంటెన్నా ఎక్కడున్నదో తరంగదైర్ఘ్యంలో చిన్న భాగం మేరకు తెలిస్తేనే చిత్రం స్పష్టపడుతుంది. ఎక్స్-బ్యాండ్ అనే రాడార్ ఫ్రీక్వెన్సీ శ్రేణిలో ఆ తరంగదైర్ఘ్యం సుమారు 3 సెంటీమీటర్లే. స్థానం సరిగా తెలియని లోటును ఆటోఫోకస్ (చిత్రం ఆధారంగానే మసకను సరిదిద్దే పద్ధతి) కొంతవరకే పూడ్చగలదు, కచ్చితమైన కొలతలకు అది చాలదు.

రాడార్ యాంటెన్నాకూ జీపీఎస్ యాంటెన్నాకూ మధ్య దూరాన్ని, పరికరాలు విప్పి బిగించిన ప్రతిసారీ, మూడు దిశల్లోనూ మళ్లీ కొలవాలి.

కార్నర్ రిఫ్లెక్టర్లను (రాడార్ తరంగాన్ని వచ్చిన దిక్కుకే తిప్పిపంపే లోహపు మూలలను) కంచెలకు, భవనాలకు దూరంగా నునుపైన బయలు నేలపై నిలపండి. చుట్టుపక్కల ప్రతిఫలనం కలిస్తే క్రమాంకనం (తెలిసిన ప్రతిఫలనంతో రాడార్ కొలతలను సరిచూడటం) చెడుతుంది. త్రిభుజాకార రిఫ్లెక్టర్ భుజం రెట్టింపైతే దాని రాడార్ అడ్డుకోత (రాడార్‌కు అది ఎంత పెద్దదిగా కనిపిస్తుందో తెలిపే కొలత) 16 రెట్లవుతుంది గనుక, పరిమాణాన్ని లెక్కకట్టి ఎంచుకోవడమే మంచిది.

ఇంటర్‌ఫెరోమెట్రీ (రెండుసార్లు తీసిన చిత్రాల తరంగ దశలను పోల్చే పద్ధతి) కోసమైతే రెండోసారి కూడా అదే దారిలో ఎగరాలి. నాసా విమాన రాడార్ వ్యవస్థ యూఏవీశార్ ఇందుకోసమే విమానాన్ని 10 మీటర్ల వ్యాసమున్న ఊహాగొట్టంలో నిలుపుతుంది.

నేల తేమ నమూనాలు విమానం పైనున్న వేళకు వీలైనంత దగ్గరగా తీయండి. మధ్యలో ఒక్క జల్లు పడినా రాడార్ కొలతతో పోలిక నిలవదు.

రాడార్ తరంగాలు ప్రసారం చేయడానికి ఫ్రీక్వెన్సీ అనుమతి పత్రం వెంట ఉండాలి.