నమ్మకాలకో నోట్‌బుక్: రాయడం, పరీక్షించడం, దిద్దుకోవడం

మనం నమ్మేవాటిలో చాలాభాగం ఎప్పుడు, ఎవరి నోట విని నమ్మామో మనకే గుర్తుండదు. అందుకే వాటిని దిద్దుకోవడం కష్టం. కాగితం మీద పెడితే ఆ పని చేతికి అందుతుంది. 200 పేజీల రూళ్ల నోట్‌బుక్, ఒక పెన్ను చాలు. పెన్సిల్ మాత్రం వద్దు.

ఒక్కో నమ్మకానికి ఎదురెదురు పేజీలు రెండు. ఎడమ పేజీ పైన తేదీ, నమ్మకం ఒక్క వాక్యంలో, 100కి ఎంత నమ్ముతున్నారో ఒక అంకె. దాని కింద అనుకూలమైనవి, కుడి పేజీలో వ్యతిరేకమైనవి. కుడి పేజీ అడుగున “ఏం కనబడితే అభిప్రాయం మార్చుకుంటాను?” అన్న ప్రశ్నకు జవాబు రాయండి. అదీ ముందే. తర్వాత రాస్తే, దొరికిన సాక్ష్యం ఎప్పటికీ చాలదనిపిస్తుంది.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఆ ఒక్క వాక్యం దగ్గరే. “రాత్రి చదివితే బాగా గుర్తుంటుంది” అని రాస్తే అది ఎన్నటికీ తప్పని తేలదు. బాగా అంటే ఎంత? ఎప్పటిదాకా? ఇలా మార్చండి: “ఉదయం 6కి చదివిన 20 కొత్త పదాలకన్నా, రాత్రి 10కి చదివిన 20 పదాలు 24 గంటల తర్వాత ఎక్కువ గుర్తుంటాయి.” 40 పదాలూ చీటీల మీద రాసి, కలిపి, చూడకుండా రెండు కుప్పలు చేయండి. ఏరి పెడితే తేలిక పదాలు మనకు ఇష్టమైన కుప్పలోకే చేరతాయి. రెండు పూటలా సరిగ్గా 15 నిమిషాలే చదవాలి. మర్నాడు అదే వేళకు చూడకుండా రాసి లెక్కపెట్టండి. కొత్త పదాలతో ఐదుసార్లు చేయండి. ఐదింటిలో మూడుసార్లు ఒకవైపు మొగ్గినా ఏమీ తేలనట్టే, అది బొమ్మాబొరుసుతోనూ వస్తుంది.

కుడి పేజీ ఖాళీగా ఉండిపోవడం మామూలే. చార్లెస్ డార్విన్ తన సిద్ధాంతానికి ఎదురు నిలిచే విషయం కనబడగానే అక్కడికక్కడే రాసుకునేవాడు. అనుకూలమైనవాటికన్నా అవే త్వరగా మనసులోంచి జారిపోతాయని ఆత్మకథలో చెప్పాడు. కాబట్టి జేబులో ఒక చీటీ ఉంచుకోండి, రాత్రికి రాద్దామని వాయిదా వేయకండి.

చిన్న తేడాను తోసేయకండి. అంగారక గ్రహం కదలికపై ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ కట్టిన లెక్కకూ, ఆకాశాన్ని ఏళ్లతరబడి కొలిచిన టైకో బ్రాహీ పరిశీలనలకూ వచ్చిన తేడా 8 కళలు (డిగ్రీలో 60వ వంతు ఒక కళ), అంటే పున్నమి చంద్రుడి వెడల్పులో దాదాపు పావు వంతు. దాన్ని వదలకపోవడం వల్లే కెప్లర్ గ్రహం తిరిగే దారి విషయంలో వృత్తాన్ని విడిచి దీర్ఘవృత్తాన్ని చేరుకున్నాడు. 1609లో ప్రచురించాడు.

“భగవంతుడున్నాడు”, “మాట తప్పకూడదు” లాంటివి చీటీలతో తేలేవి కావు. వాటికి మార్కులు వేయకండి, అది వాటి కొలబద్ద కాదు. వారానికోసారి ఇలా అడగండి: “ఇది నాచేత ఏం చేయించింది? ఏం మాన్పించింది?” జవాబులో రోజు, పని ఉండాలి. “ఓర్పు పెరిగింది” అని కాదు, “మంగళవారం అడ్డుపడకుండా చివరిదాకా విన్నాను” అని. వరసగా నాలుగు వారాలు ఏమీ రాయలేకపోతే ఆ విశ్వాసం ఇంకా నాలుక మీదే ఉందన్నమాట. అయితే ఆరోగ్యం గురించీ డబ్బు గురించీ ఇచ్చే హామీ ఎంత భక్తిగా చెప్పినా పరీక్షకు నిలవాల్సిందే. జబ్బు విషయంలో ఆ పరీక్ష మీ ఒంటి మీద చేయకండి, వైద్యుణ్ని అడగండి.

రాసిన 1, 7, 30, 90 రోజులకు తిరిగి చూడండి. ముందు నోట్‌బుక్ మూసి, గుర్తున్నంతవరకు చెప్పుకుని, ఆ తర్వాతే తెరవండి. అంకె మారితే పాతదాని మీద ఒక్క గీత గీసి, కొత్త అంకె, తేదీ, కారణం పక్కన రాయండి. పెన్సిల్ వద్దన్నది ఇందుకే: పాత అంకె చెరిగిపోతే “మొదటినుంచీ ఇలాగే అనుకున్నాను” అని మనసు నమ్మించేస్తుంది. 90వ రోజుకూ అంకె కదలక, కుడి పేజీ ఖాళీగానే ఉంటే, ఆ నమ్మకాన్ని ఒప్పుకోని మనిషి చేతికి నోట్‌బుక్ ఇచ్చి అక్కడ రెండు వాక్యాలు రాయమనండి.