మైకు తర్వాత కొందురు గానీ, ముందు గదిలో చప్పట్లు కొట్టండి

ఇంట్లో పాట రికార్డు చేద్దామనుకుంటున్నానండి ఏ మైకు కొనమంటారు అని నెలకి ఒకళ్ళయినా అడుగుతుంటారు నన్ను, నేనేదో పెద్ద సౌండ్ ఇంజినీర్ని అనుకుని. నేను చేసిందల్లా మా మేనత్త పాడే దంపుళ్ళ పాటలూ అప్పగింతల పాటలూ ఓ ముప్పై దాకా రికార్డు చేసి పెట్టుకోవడం, అదీ అమలాపురం దగ్గర మా పాత మండువా ఇంట్లో. మొదటిసారి మాత్రం అందర్లాగే నేనూ ఆన్‌లైన్లో నల్ల ఫోము ముక్కలు తెప్పించి కొత్త డాబా గదిలో గోడలకి అంటించి, ఆవిణ్ణి అందులో కూచోబెట్టి తలుపేసి పాడించాను. విని "ఒరే అబ్బాయ్, ఇది నా గొంతేనంట్రా, గంగాళంలో తలపెట్టి పాడినట్టుంది" అంది. నిజమే, పల్చటి ఫోము పై శబ్దాల్ని, అంటే సన్నటి కీచు శబ్దాల్ని, మింగేస్తుంది గానీ కింది శబ్దాల్ని, అంటే లావుపాటి బొంగురు శబ్దాల్ని, ఏం చెయ్యలేదు, అవి నాలుగ్గోడల మధ్య బుంయ్ మంటూ తిరుగుతూనే ఉంటాయి. వానాకాలం చెమ్మకి ఆ ఫోము కూడా ఊడి కిందపడిందనుకోండి, అది వేరే సంగతి.

తర్వాత పాత స్టూడియోల గురించి చదవడం మొదలెట్టాక తెలిసింది, గొప్ప గొప్ప రికార్డులు చాలానే మామూలు ఇళ్ళల్లో తయారయ్యాయని. అమెరికాలో రూడీ వాన్ గెల్డర్ అని ఒకాయన పగలు కళ్ళు పరీక్ష చేసి అద్దాలు రాసిచ్చేవాడు, మిగతా టైములో న్యూజెర్సీలో వాళ్ళ అమ్మానాన్నల హాల్లో జాజ్ రికార్డు చేసేవాడు, మైల్స్ డేవిస్, థెలోనియస్ మంక్ అంతటివాళ్ళు వచ్చి ఆ హాల్లో వాయించారు, 1959లో గానీ ఆయన విడిగా స్టూడియో కట్టుకోలేదు. అదే 1959లో డెట్రాయిట్లో బెర్రీ గోర్డీ ఒక మామూలు ఇల్లు కొని మోటౌన్ అనే తన రికార్డుల కంపెనీకి స్టూడియో పెట్టాడు. లండన్లో జో మీక్ అయితే తోలు సామాన్ల కొట్టు పైన అద్దె వాటాలో, ఒకణ్ణి ఈ గదిలో ఇంకొకణ్ణి బాత్రూములో పెట్టి రికార్డు చేసి 1962లో అమెరికాలో నంబర్ వన్ కొట్టాడు. మన దగ్గర ఏ.ఆర్.రెహమాన్ కూడా కోడంబాకంలో ఇంటి పెరట్లోనే కదా స్టూడియో కట్టుకున్నది. కాబట్టి ఇల్లు చాలు, కాకపోతే ఆ ఇంట్లో ఏ మూల ఏం చేస్తుందో తెలుసుకోవాలి.

దానికి ముందు చప్పట్లు. ఇంట్లో ప్రతి గదిలోకీ వెళ్ళి మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. టక్ మని ఆగిపోతే మంచి గది, ట్ర్ర్ర్ మని గోడకీ గోడకీ మధ్య కొట్టుకుంటే ఎదురెదురు గోడలు నున్నగా ఖాళీగా ఉన్నట్టు. టైల్సు పరిచిన ఖాళీ డాబా గదులన్నీ ఇంతే, కొత్త ఇల్లు కదా బావుంటుందని అక్కడికి పోకండి. మాకు బాగా పనికొచ్చింది ధాన్యం బస్తాలు వేసే గది, ఓ పక్క వరసగా బస్తాలు, పైన పెంకులు, వాలు కప్పు, నేల కూడా పాత నాపరాళ్ళు ఎగుడుదిగుడుగా. నిండు బస్తాల వరస కింది శబ్దాన్ని బాగానే తాగుతుంది, పైగా ఎత్తుపల్లాలుంటాయి కాబట్టి మిగిలిన శబ్దం ఒకేవైపు తిరిగి రాకుండా చెదిరిపోతుంది. బస్తాలు లేకపోతే పరుపులు నిలబెట్టండి, అమ్మమ్మలు పాత చీరలతో కుట్టిన బొంతలు ఉంటాయి కదా అవి దండెం మీద వెయ్యండి, గోడకి అంటించకుండా ఓ జానెడు ఎడం ఉంచితే ఇంకా బాగా పనిచేస్తాయి. పాడేవాళ్ళ వెనకాల ఒకటి, పక్కన ఒకటి చాలు, గది మొత్తం కప్పేస్తే మళ్ళీ గొంతు చచ్చినట్టు ఉంటుంది.

తర్వాత చప్పుడు. ఇండియానాలో జెన్నెట్ అనే రికార్డుల కంపెనీ స్టూడియో రైలు పట్టాల పక్కనే ఉండేది, రైలొస్తే రికార్డింగ్ ఆపుకోవాల్సిందే, 1923లో ట్రంపెట్ వాయించే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి రికార్డులు అక్కడివే. మా కోనసీమకి రైలు ఇంకా రాలేదు కాబట్టి ఆ బాధ లేదు గానీ రొయ్యల చెరువు దగ్గర్లో ఉంటే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు రాత్రంతా గుడగుడలాడతాయి, వానాకాలంలో కప్పలు, ధనుర్మాసంలో తెల్లారగట్ల గుడి మైకు. నాకు కుదిరిన రోజులు దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేసినప్పుడు, చేలల్లో నీళ్ళుండవు, కప్పలుండవు, మోటార్లు తక్కువ. ఎండ మాత్రం దంచేస్తుంది, ఫ్యాను వెయ్యడానికి లేదు, అందుకని పాటకి పాటకి మధ్య వేసుకోవడం, పాట మొదలయ్యే ముందు కట్టేసి రెక్కలు పూర్తిగా ఆగేదాకా ఆగడం. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండింటికీ మూడింటికీ మధ్య ఊరు నిద్రపోతుంది, అది బంగారం లాంటి గంట. ఫ్రిజ్ పక్క గదిలో ఉన్నా ప్లగ్ తీసెయ్యండి, మళ్ళీ పెట్టడం మర్చిపోకుండా కారు తాళాలో బండి తాళాలో ఫ్రిజ్‌లోనే పెట్టండి (పాలు విరిగాక నేర్చుకున్న తెలివి ఇది).

ఇక మైకు. ఫోను చాలండి మొదట్లో, నిజంగా. ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో వేవ్ (WAV) ఫైలు, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకుని, ఫోనుని చేత్తో పట్టుకోకుండా ఓ పుస్తకాల దొంతర మీద మడత తువ్వాలు వేసి దానిమీద పెట్టండి. ఎంత దూరం అనేది అసలు విషయం. 1925కి ముందు పాటల రికార్డింగుకి మైకు వాడటం దాదాపు లేదు, అందరూ ఒక పెద్ద గొట్టం ముందు నిలబడి పాడేవారు, గొంతు పెద్దదైతే వెనక్కి, చిన్నదైతే ముందుకి, ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ మరీ గట్టిగా ఉందని మిగతావాళ్ళకంటే చాలా వెనక నిలబెట్టారని చెప్పుకుంటారు. అంటే మిక్సింగ్, ఎవరిది ఎంత వినపడాలో సర్దడం, అంతా అడుగులతోనే చేశారన్నమాట. మనమూ అంతే, పాడేవాళ్ళు ఒక్కరైతే నోటికి రెండు జానల దూరం, ఎదురుగా కాకుండా కాస్త పక్కకి, లేకపోతే ప, బ అన్నప్పుడల్లా గాలి కొట్టి ఢబ్ మంటుంది. వెనక వంత పాడే ఆడవాళ్ళు ఇంకో మూడడుగులు వెనక. ఎవరి గొంతు మించిపోతే వాళ్ళని ఒక అడుగు వెనక్కి జరగమనండి, నాబు తిప్పడం కంటే అది బాగా పనిచేస్తుంది. గాజులు తీయించండి, మా అత్త మట్టిగాజులు తీయనంటే మోచేతి దాకా తువ్వాలు చుట్టాం.

డప్పు, డోలు లాంటివి ఉంటే మాత్రం రెండు దార్లు. ఒకటి దగ్గర మైకు: 1966లో లండన్లోని అబ్బే రోడ్ స్టూడియోలో 20 ఏళ్ళ ఇంజినీరు జెఫ్ ఎమెరిక్, డ్రమ్ముకి మరీ దగ్గరగా మైకు పెట్టకూడదని అక్కడ రూలున్నా వినకుండా దగ్గరగా పెట్టి, డ్రమ్ములో ఉన్ని స్వెటర్ కుక్కి బీటిల్స్ పాటలు రికార్డు చేశాడు, దాంతో దెబ్బ గుండెమీద పడ్డట్టు వినిపిస్తుంది. రెండోది దూరం మైకు: లెడ్ జెప్లిన్ అనే రాక్ బ్యాండు వాళ్ళు హెడ్లీ గ్రాంజ్ అనే పాత బంగళా హాల్లో డ్రమ్ములు కింద పెట్టి, రెండే రెండు మైకులు మేడమెట్ల పైనుంచి వేలాడదీశారు, ఇంజినీరు ఆండీ జాన్స్. 1971లో వచ్చిన ఆ పాట, 'వెన్ ది లెవీ బ్రేక్స్', 1927 మిసిసిపి వరదల్లో గట్టు తెగడం మీద 1929లో కట్టిన పాత పాట, 1986 ఆగస్టు గోదారి వరద చూసినవాళ్ళెవరైనా ఆ డ్రమ్ము చప్పుడు వింటే కడుపులో తిప్పుతుంది, ఏ మాటా అర్థం కానక్కర్లేదు. మండువా ఇల్లుంటే ఆ పని మీరూ చెయ్యొచ్చు, డప్పు మండువాలో, ఫోను అటక మీంచి కిందకి చూస్తూ. నాకు రెండో దారే నచ్చింది, అదే డాబా గదిలో చేస్తే మాత్రం నెత్తిమీద రేకులు పడ్డట్టుంటుంది.

ఇప్పుడు ఎకో. యాప్‌లో బటన్ నొక్కితే వచ్చేది కాదు, ఇంట్లో దొరికేది. 1947లో షికాగోలో బిల్ పుట్నమ్ స్టూడియో బాత్రూములో స్పీకరూ మైకూ పెట్టి ఆ మోతని పాటలో కలిపాడు, మోటౌన్ వాళ్ళు ఇంటి అటకనే ఎకో గది చేసుకున్నారు, హాలీవుడ్లో క్యాపిటల్ రికార్డుల కంపెనీ వాళ్ళు భూమిలోకి తవ్వించి మరీ సిమెంటు గదులు కట్టించారు. మనకి తవ్వించక్కర్లేదు, దొడ్లో నుయ్యి ఉంది కదా! సిమెంటు ఒరలు, కింద నీళ్ళు, రెండూ శబ్దాన్ని మింగవు, తిప్పికొడతాయి. ముందు పాటని గదిలో పొడిగా, ఎకో లేకుండా రికార్డు చేసుకోండి. కంప్యూటర్లో దానికి ఒక కాపీ తీసి ఆ కాపీలో 600 హెర్ట్జ్ కింది శబ్దాల్నీ 10 వేల హెర్ట్జ్ పై శబ్దాల్నీ తీసెయ్యండి, అబ్బే రోడ్ వాళ్ళు ఎకో గదికి పంపేముందు ఇలాగే కోసి పంపేవారు, లేకపోతే నుయ్యి లోపల కింది శబ్దాలు హోరెత్తిపోతాయి. ఆ కాపీని చిన్న స్పీకర్లో పెట్టి, స్పీకర్ని చేద తాడుకి గట్టిగా కట్టి, నీళ్ళకి నాలుగడుగుల పైన ఆగేలా వేలాడదీసి మొహం గోడవైపు తిప్పండి. ఫోను నూతిగట్టు దగ్గర, ఇదీ తాడు కట్టే, స్పీకర్ వైపు కాకుండా వేరే వైపు చూస్తూ. మొత్తం పాట మోగనిచ్చి ఆ నూతి మోతని రికార్డు చేసి, అసలు పాట కింద ఇంకో ట్రాకులో పెట్టి, ఉందా లేదా అని అనుమానం వచ్చేంత తక్కువలో కలపండి. నూతి ట్రాకుని ఓ పదో వంతు సెకను ఆలస్యంగా మొదలయ్యేలా జరిపితే గొంతు ముందుంటుంది, మోత వెనకాల నడుస్తుంది, అబ్బే రోడ్ వాళ్ళు ఈ ఆలస్యం కోసం టేపు మిషను వాడేవారు. మా అత్త అది విని ఏమనలేదు గానీ రెండోసారి పెట్టమంది.

ఒకే గొంతుని రెండుసార్లు పాడించి కలపడం, అమెరికా గిటారిస్టు లెస్ పాల్ పద్ధతి, అది పెద్దవాళ్ళతో కుదరదు, రెండోసారి అదే పాట అదే పోకడలో పాడరు, వదిలెయ్యండి.

వీటన్నిటికంటే కష్టం మనుషులతో. రికార్డింగ్ ఎర్రలైటు వెలిగిందంటే ఎంత బాగా పాడేవాళ్ళకైనా గొంతు బిగుసుకుంటుంది. 1954 జులైలో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ స్టూడియోలో ఎల్విస్ అనే కుర్రాడు రాత్రంతా నెమ్మది పాటలు పాడితే ఏదీ నిలబడలేదు, మధ్యలో విరామంలో గిటారు పట్టుకుని సరదాకి ఓ పాట గెంతుతూ మొదలెడితే ఫిలిప్స్ తల బయటపెట్టి అదేంటి, మళ్ళీ మొదట్నుంచి వాయించండి అన్నాడు, అదే మొదటి రికార్డు అయింది. ప్రొడ్యూసరు పని ఇదేననిపిస్తుంది నాకు, ఏది పాటో గుర్తుపట్టడం. అందుకని రికార్డింగ్ అస్సలు ఆపకండి, టీ తాగుతున్నా నడవనివ్వండి. మా అత్త రికార్డింగ్ అంటే సర్దుకుని కూచుని సినిమా పాటలా పాడుతుంది, చేతికి చేటా బియ్యం ఇచ్చేసరికి రాళ్ళేరుతూ అసలు పాట బయటికొచ్చింది, చేట చప్పుడు కూడా తాళంలా పడింది, దాన్ని తీసెయ్యమన్నవాళ్ళున్నారు, నేను తియ్యలేదు.

కలిపాక హెడ్‌ఫోన్లో విని మురిసిపోకండి. మోటౌన్ వాళ్ళు కారు రేడియోలో ఉండే లాంటి చిన్న స్పీకర్లో విని గానీ పాట బయటికి పంపేవారు కాదు. మనకి ఆటోలున్నాయి, ట్రాక్టర్లున్నాయి, పెద్ద బాక్సులు కట్టిన ట్రాక్టర్లో మాట స్పష్టంగా వినపడితే పాట ఎక్కడైనా నిలబడుతుంది. అలాగని నెలల తరబడి మార్చుకుంటూ కూచోకండి, మైకేల్ జాక్సన్ పాటొకటి ఇంజినీరు బ్రూస్ స్విడీన్ 91 సార్లు మిక్స్ చేస్తే చివరికి వాడింది రెండోదే.

పొడి రికార్డింగు, నూతి రికార్డింగు, కలిపినది, మూడూ విడివిడిగా పాట పేరూ పాడినవాళ్ళ పేరూ తేదీతో రెండుచోట్ల దాచండి, ఒకటి ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గర, తుఫాను వస్తే ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి తడుస్తాయి కదా. స్పీకరు పైకి లాగాక నూతి మీద వల మళ్ళీ కప్పి వెళ్ళండి, పిల్లలు తిరిగే దొడ్డి.