పైథాన్ లాగ్‌లో సందేశాలు కనిపించకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది, అది తన పనుల గురించి సందేశాలు రాసుకునే లాగ్ మాత్రం ఖాళీగా ఉంటుంది, లేదా కొంతదూరం వచ్చి ఆగిపోతుంది. ఈ సమస్యతో ఎవరు వచ్చినా నేను ముందుగా అడిగేది ఒక్కటే: రావలసిన సందేశం ఏ లెవెల్‌లో (అంటే ఏ తీవ్రతతో) రాశారు, దాన్ని రాసే లాగర్ (కోడు నుంచి సందేశాన్ని అందుకునే భాగం) ఇప్పుడు ఏ లెవెల్‌లో ఉంది? దీనికి వెంటనే జవాబు చెప్పగలిగినవారు నాకు చాలా అరుదుగా కనిపించారు. అందరూ కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి అందులో ఏముందో చదువుతారు గాని, నడుస్తున్న ప్రోగ్రాములో ఏముందో చూడరు. ఫైలులో ఉన్నదే ప్రోగ్రాములోనూ ఉందని నమ్మి మొదలుపెడితే గంటలు వృథా అవుతాయి.

కాబట్టి ఏ లక్షణమైనా సరే, ముందు ఈ పని చేయండి. సందేశం రాయవలసిన వరుసకు సరిగ్గా పైన, లాగింగ్‌తో సంబంధం లేని మామూలు ప్రింట్‌తో నాలుగు విషయాలు తెర మీదికి తెప్పించండి: లాగర్ పేరు, దానికి వర్తిస్తున్న లెవెల్, దానికీ దాని పై లాగర్లకూ తగిలించి ఉన్న హ్యాండ్లర్లు (సందేశాన్ని ఫైలులోనో తెర మీదో రాసే భాగాలు), దాని డిసేబుల్డ్ అనే గుణం విలువ. మొదటి మూడూ చాలామంది చూస్తారు. నాలుగోది ఎందుకు చూడాలో కింద వివరంగా చెబుతాను.

ఇన్ఫో రాదు, వార్నింగ్ వస్తుంది

ఇది లెవెల్ తప్పు. పైథాన్‌లో డీబగ్ విలువ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. మనం ఏమీ మార్చకపోతే, అన్ని లాగర్లకూ పైన ఉండే రూట్ లాగర్ 30 దగ్గర ఉంటుంది, కనుక ఇన్ఫో అక్కడే ఆగిపోతుంది. లాగర్‌కు ఒక లెవెల్, హ్యాండ్లర్‌కు ఒక లెవెల్ ఉంటాయనీ, సందేశం రెండింటినీ దాటితేనే ఫైలుకు చేరుతుందనీ గుర్తుపెట్టుకోవాలి. హ్యాండ్లర్‌ను డీబగ్‌కు దించి లాగర్‌ను మరచిపోవడం నేను అన్నిటికంటే ఎక్కువగా చూసిన పొరపాటు.

లాగింగ్‌ను ఏర్పాటు చేసే బేసిక్ కాన్ఫిగ్ అనే ఫంక్షన్‌ను పిలిచినా ఏ మార్పూ లేదంటే, అంతకుముందే రూట్‌కు ఎవరో హ్యాండ్లర్ తగిలించారని అర్థం. అలాంటప్పుడు ఆ ఫంక్షన్ ఏమీ చేయకుండా తిరిగి వస్తుంది. అంతకన్నా ముందు ఎక్కడైనా లాగింగ్ మాడ్యూలు మీదనే నేరుగా ఇన్ఫో లేదా వార్నింగ్ పిలిచి ఉన్నా ఇదే జరుగుతుంది, ఎందుకంటే రూట్‌కు హ్యాండ్లర్ లేనప్పుడు ఆ పిలుపే లోపల బేసిక్ కాన్ఫిగ్‌ను నడిపిస్తుంది. 3.8 వెర్షన్ నుంచి ఫోర్స్ అనే ఆప్షన్‌తో పాత హ్యాండ్లర్లను తీసివేసి మళ్లీ పెట్టవచ్చు.

ఎర్రర్ కూడా రాదు

క్రిటికల్ సైతం రావడం లేదంటే ఇక లెవెల్ జోలికి వెళ్లకండి. ఇది వేరే జబ్బు, నన్ను బాగా దెబ్బతీసిన జబ్బు.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన బృందంలో చెల్లింపులను సరిచూసే సర్వీసు ఒకటి ఉండేది. మా కంప్యూటర్లలో లాగ్ చక్కగా వచ్చేది. సర్వర్‌లో మాత్రం ప్రోగ్రాము మొదలైనట్లు చెప్పే నాలుగైదు వరుసలు వచ్చి, తరువాత నిశ్శబ్దం. చెల్లింపులు విఫలమవుతున్నాయని వినియోగదారులు చెబితే తెలిసింది తప్ప, ఫైలులో ఒక్క ఎర్రర్ వరుస లేదు. లెవెల్ దించాము, ఫైలు అనుమతులు చూశాము, డిస్కులో చోటు చూశాము. లాగర్ లెవెల్ సరిగానే ఉంది, హ్యాండ్లర్లు ఉన్నాయి. అయితే రిపోర్టులు తయారుచేసే మాడ్యూలు నుంచి అప్పుడప్పుడూ హెచ్చరికలు వస్తూనే ఉండటంతో లాగింగ్ పనిచేస్తోందనే అనుకున్నాము. అలా రెండు రోజులు గడిచాయి.

చివరికి ఆ హెచ్చరిక వరుసే దారి చూపింది. అందులో తేదీ, సమయం లేవు. మా ఫార్మాట్‌లో ప్రతి వరుసా సమయంతోనే మొదలవుతుంది. మరి ఈ ఫార్మాట్ ఎవరిది? కోడు మొత్తం వెతికితే అది డేటాబేస్ మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణంలో మార్పులు చేయడం) పనిముట్టు తాలూకు ఐఎన్ఐ అనే కాన్ఫిగరేషన్ ఫైలులో దొరికింది. మా కంప్యూటర్లలో మైగ్రేషన్లను విడిగా కమాండ్‌తో నడిపేవాళ్లం. సర్వర్‌లో ప్రోగ్రామే, మొదలయ్యేటప్పుడు, తనలోనే వాటిని నడిపేది. ఆ సమయంలో ఆ పనిముట్టు తన ఐఎన్ఐని, ఫైలు చూసి లాగింగ్‌ను ఏర్పాటు చేసే ఫైల్ కాన్ఫిగ్ ఫంక్షన్ ద్వారా చదివి, మా లాగింగ్ ఏర్పాటు మీద తన ఏర్పాటును పెట్టేసింది.

హ్యాండ్లర్లు మారడం వరకైతే సందేశాలు వేరే రూపంలోనైనా వచ్చేవి. అసలు దెబ్బ వేరే చోట ఉంది. ఫైల్ కాన్ఫిగ్‌కూ, అదే పనిని డిక్షనరీ చూసి చేసే డిక్ట్ కాన్ఫిగ్‌కూ డిసేబుల్ ఎగ్జిస్టింగ్ లాగర్స్ అనే ఆప్షన్ ఉంది, మనం ఏమీ చెప్పకపోతే దాని విలువ ట్రూ. అంటే ఆ కాన్ఫిగరేషన్ చదివే నిమిషానికి అప్పటికే పుట్టి ఉన్న లాగర్లలో, తమ పేరు గాని తమ పై లాగర్ పేరు గాని ఆ కాన్ఫిగరేషన్‌లో స్పష్టంగా లేనివాటన్నిటినీ అది డిసేబుల్ చేస్తుంది. రూట్‌కు ఈ బాధ లేదు. పాత కోడు దెబ్బతినకూడదనే ఉద్దేశంతోనే ఈ డిఫాల్ట్‌ను అలా ఉంచారు.

డిసేబుల్ అయిన లాగర్ ఎర్రర్‌నైనా క్రిటికల్‌నైనా చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. దాని లెవెల్ మారదు, హ్యాండ్లర్లు కనబడుతూనే ఉంటాయి, పై లాగర్‌కు పంపే ఏర్పాటు అలాగే ఉంటుంది. అందువల్ల పైన చెప్పిన నాలుగు విషయాలలో మొదటి మూడూ అంతా సవ్యంగా ఉందనే చెబుతాయి. నాలుగోది ఒక్కటే నిజం చెబుతుంది. రిపోర్టుల మాడ్యూలు ఎలా తప్పించుకుందంటే, దాన్ని మొదటి అభ్యర్థన వచ్చాక ఫంక్షన్ లోపల ఇంపోర్ట్ చేసేవాళ్లం. కాన్ఫిగరేషన్ తరువాత పుట్టింది కాబట్టి దాని లాగర్‌కు ఏమీ కాలేదు. కొన్ని మాడ్యూళ్లు మాట్లాడుతూ, కొన్ని పూర్తిగా మూగబోతే, ముందు అనుమానించవలసింది దీన్నే.

పరిష్కారం ఒక్క మాట: ఫైల్ కాన్ఫిగ్ పిలిచే చోట ఆ ఆప్షన్‌కు ఫాల్స్ ఇవ్వండి, డిక్ట్ కాన్ఫిగ్ అయితే డిక్షనరీలోనే అదే పేరుతో ఫాల్స్ రాయండి. ఇంపోర్ట్‌లను కాన్ఫిగరేషన్ కిందికి జరపడం పరిష్కారం కాదు. ఇంపోర్ట్‌లను అక్షరక్రమంలో సర్దే పనిముట్టును ఎవరైనా నడిపిన రోజున సమస్య మళ్లీ మొదటికి వస్తుంది. డిసేబుల్డ్ గుణాన్ని చేత్తో ఫాల్స్ చేయడం కూడా అంతే, రేపు చేరే లాగర్‌కు అది వర్తించదు.

మీరు ఇతరులు వాడుకునే లైబ్రరీ రాస్తున్నా, మీ బృందం కోసం లాగింగ్ ఇంటర్‌ఫేస్ తీర్చిదిద్దుతున్నా, దయచేసి ఈ హద్దు పాటించండి. లైబ్రరీ కోడు తన మాడ్యూలు పేరుతో లాగర్‌ను తెచ్చుకుని సందేశం రాయాలి, అంతే. కావాలంటే ఒక నల్ హ్యాండ్లర్ (ఏమీ రాయని హ్యాండ్లర్) తగిలించుకోవచ్చు. లెవెల్, ఫార్మాట్, ఫైలు ఎక్కడుండాలి అనే నిర్ణయాలు ప్రోగ్రాము మొదలయ్యే చోట, ఒక్కసారే జరగాలి. ఇంపోర్ట్ చేసినంత మాత్రాన బేసిక్ కాన్ఫిగ్ పిలిచే మాడ్యూలు, దాన్ని వాడుకునే ప్రతి ఒక్కరి ఏర్పాటునూ చెడగొడుతుంది. మైగ్రేషన్లను కూడా వీలైతే వేరే ప్రాసెస్‌లో నడపండి. మా సర్వీసులో చివరికి అదే చేశాము.

ఒకే సందేశం రెండుసార్లు వస్తుంది

మాడ్యూలు లాగర్‌కూ రూట్‌కూ రెండింటికీ హ్యాండ్లర్ పెట్టారు. సందేశం కింద ఒకసారి రాయబడి, పైకి వెళ్లి మరొకసారి రాయబడుతుంది. కింది హ్యాండ్లర్‌ను తీసేయండి. సందేశాన్ని పై లాగర్‌కు పంపే ప్రాపగేట్‌ను ఫాల్స్ చేయమని చాలామంది సలహా ఇస్తారు గాని, రూట్‌కు పెట్టిన మిగతా హ్యాండ్లర్లకు కూడా అప్పుడు సందేశం అందదు. సందేశాలు రెండుతో ఆగక గంటగంటకూ పెరుగుతుంటే, పదేపదే నడిచే ఫంక్షన్ లోపల ప్రతిసారీ కొత్త హ్యాండ్లర్ తగిలిస్తున్నారని అర్థం.

ఫైలు మార్పిడి తరువాత కొత్త ఫైలు ఖాళీగా ఉంటుంది

లినక్స్‌లో లాగ్‌రొటేట్ వంటి పనిముట్టు పాత ఫైలు పేరు మార్చినా, ప్రోగ్రాము తాను తెరిచి ఉంచిన ఆ పాత ఫైలులోనే రాస్తూ ఉంటుంది. వాచ్డ్ ఫైల్ హ్యాండ్లర్ వాడితే పేరు వెనుక ఉన్న ఫైలు మారిందని గమనించి కొత్తదాన్ని తెరుస్తుంది. పైథాన్ తాలూకు రొటేటింగ్ ఫైల్ హ్యాండ్లర్‌ను మాత్రం ఒకే ఫైలు మీద అనేక ప్రాసెస్‌లతో వాడకండి. ఒక ప్రాసెస్ ఫైలు మార్చిన సంగతి రెండోదానికి తెలియదు.

డిస్కు నిండిపోవడం, ఫోల్డర్‌కు రాసే అనుమతి లేకపోవడం, పరీక్షల కోసం రాసిన లాగింగ్ డిసేబుల్ పిలుపు అసలు కోడులో మిగిలిపోవడం కూడా కారణాలు కావచ్చు. మొదటి రెండింటినీ ఎర్రర్ అవుట్‌పుట్ చూస్తే నిమిషంలో పట్టుకోవచ్చు, మూడోది కోడులో వెతికితే దొరుకుతుంది.