జాంథేట్ వేసినా రాగి తేలకపోతే: నా అనుభవం

ల్యాబ్ ఫ్లోటేషన్ సెల్‌లో (నూరిన ఖనిజాన్ని గాలి బుడగలతో నురుగులోకి తేల్చే తొట్టెలో) చాల్కోపైరైట్ అనే ఇత్తడి రంగు రాగి ఖనిజం రికవరీ ఉన్నట్టుండి పడిపోయింది. నురుగు వస్తోంది కానీ తెల్లగా, ఖనిజం లేకుండా వస్తోంది. జాంథేట్ డోసు పెంచడం, ఫ్రాదర్ (నురుగు పుట్టించే రసాయనం) మార్చడం, గాలి పెంచడం, ఇంకా మెత్తగా నూరడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి ఫలితం ఇచ్చింది కలెక్టర్ (ఖనిజం బుడగలకు అంటుకునేలా చేసే రసాయనం, ఇక్కడ జాంథేట్) ద్రావణాన్ని తాజాగా కలపడమే. జాంథేట్ నీళ్లలో నెమ్మదిగా విడిపోతుంది. ఆమ్లం తగిలితే మరీ వేగంగా కార్బన్ డైసల్ఫైడ్, ఆల్కహాల్‌గా మారిపోతుంది. అందుకని ముందు నీళ్లలో కొద్దిగా కాస్టిక్ సోడా వేసి పీహెచ్ 10 దాటించాను. తర్వాతే సోడియం ఐసోబ్యూటైల్ జాంథేట్ వేసి 1 శాతం ద్రావణం చేశాను. సెల్‌లో సున్నంతో పల్ప్ (ఖనిజపు పొడి, నీళ్ల మిశ్రమం) పీహెచ్ 10.5కి తెచ్చి, అది నిలకడగా ఉందని చూసుకున్నాక సగం డోసు ఇచ్చాను. 2 నిమిషాలు కలియనిచ్చి, ఫ్రాదర్ వేసి, అప్పుడు గాలి తెరిచాను. మిగతా సగం నురుగు పలచబడ్డాక. బుడగల మీద ఇత్తడి మెరుపు చూశాకే టెన్షన్ తీరింది.

కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరి విషం, ఇట్టే అంటుకుంటుంది కూడా. గాలి ఆడే చోటే కలపండి, ఏ రోజుది ఆ రోజే.

అన్ని ఖనిజాలకూ ఇదే సరిపోతుందని చెప్పను. ఉపరితలం బాగా ఆక్సీకరణ చెందితే ముందు సోడియం సల్ఫైడ్ పట్టించాల్సి రావచ్చు. స్ఫాలరైట్ (జింక్ ఖనిజం) అయితే సాధారణంగా జాంథేట్ పట్టేలా కాపర్ సల్ఫేట్‌తో యాక్టివేట్ చేయాలి.